నాలుగో హద్దు

పాత దస్తావేజులు చదవడం ఎలాగో చెప్పమని తాలూకా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తారు. అక్షరాలు నేర్పిస్తాను, పాత కొలతలు నేర్పిస్తాను. ఆ తర్వాత ఈ సంగతి చెప్తాను. కొందరు సగంలోనే లేచిపోతారు, ఎందుకంటే ఇందులో నేను గొప్పవాడిగా కనిపించను. మీరు ఇంకా కూర్చునే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

మా ఇంటి సంగతి కొంచెం తెలిస్తే తప్ప నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. సుగటూరు వైపు ఎనిమిది ఊళ్ల మీద ఒకప్పుడు మాకు పెత్తనం ఉండేది. మా ముత్తాత నవాబుల కచేరీలో ఫార్సీ మున్షీ. నేను పుట్టేనాటికి ఊళ్లలో సగం పోయాయి, బడికి వెళ్లేనాటికి తోటలు పోయాయి. ఇనాములు రద్దయ్యాక మిగిలినవి కలాలు పెట్టుకునే ఒక ఇత్తడి కలందాను, రెండు మూటల కాగితాలు, మా నాయన వీపు. ఆ వీపు చివరిదాకా వంగలేదు. పొయ్యి వెలగని రోజున కూడా ఆయన వీధి అరుగు మీద నిటారుగా కూర్చుని, దారిన పోయేవాళ్ల నమస్కారాలకు తల మాత్రం ఊపేవాడు. ఎవరేమి అడిగినా తెలియదని ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఆస్తి బదులు నాకు దక్కింది ఆ వీపూ, ఆ నోరూ.

కోలారు బంగారు గనులు పరాయి దొరల చేతిలోంచి ప్రభుత్వం చేతికి వచ్చిన కొన్నేళ్లకు, కేజీఎఫ్‌లో భూముల విభాగంలో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. గుమాస్తా అనేది కూడా ఫార్సీ మాటేనని నన్ను నేను ఓదార్చుకున్నాను. మెడదాకా గుండీలున్న మా తాత పొడుగు కోటును నా కొలతకు చిన్నది చేయించి, అది వేసుకొని ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఎండాకాలం కూడా విప్పేవాణ్ని కాదు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే సర్వేయరు అరవాయన. గొలుసు పట్టుకొని ఎండలో తిరిగి తిరిగి నల్లబడిన మనిషి, నోరు మాత్రం ఎప్పుడూ చల్లబడదు. నాకు ‘దివాన్ సాబ్’ అని పేరు పెట్టింది ఆయనే.

టీ వేళకు ఆయన నన్ను కదిలించేవాడు. "ఎన్న దివాన్ సాబ్, ఈ పొద్దు యా మాట మీ తాత సొత్తు?"

నేను ఆగేవాణ్ని కాదు. "నువ్వు రాసే కాగితం మాది, పెట్టే తారీఖు మాది. జేబు, రుమాలు, దుకాణం, దరఖాస్తు, అన్నీ ఫార్సీ దారిన వచ్చినవే."

"అప్పుడు మాది ఏమీ లేదా?"

"ఎందుకు లేదు? మన నారికేళం అక్కడికి పోయి నార్గీల్ అయింది. మన శర్కర పోయి షకర్ అయింది. మన చతురంగం వాళ్ల దర్బారులో ఆడినారు."

"అంటే వాళ్లు తిని ఆడినారు, మనం దరఖాస్తు పెట్టుకున్నాము," అని ఆయన గ్లాసు కింద పెట్టేవాడు. ఆఫీసంతా నవ్వేది. నేనూ లోలోపల సంతోషించేవాణ్ని. ఎలాగైనా ఆ గదిలో ఫార్సీ నాదని అందరూ ఒప్పుకున్నట్టే కదా.

నిజం వేరు. మా తాత నాకు అక్షరాలు నేర్పించాడు. నాలుగు దిక్కుల పేర్లు, ఓ పది మర్యాద మాటలు నేర్పించాడు. అంతలో పోయాడు. ఆ లిపిలో రాసింది కూడబలుక్కొని పలకగలను. అందులో తెలుగులోకి, కన్నడంలోకి వచ్చిన మాటలుంటే గుర్తుపట్టగలను. దాన్ని చదవడం అనరు. కానీ ఆ తేడా నాకు ఒక్కడికే తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు.

కేజీఎఫ్ గురించి ఒక మాట. అక్కడ నేల కింద, చాలా లోతున, మనుషులు పని చేస్తూ ఉండేవాళ్లు. లోపల బండ పగిలినప్పుడు పైన మన ఇంట్లో గిన్నెలు మోగేవి. దాన్ని బర్స్ట్ అనేవాళ్లు. గిన్నెలు మోగగానే వీధిలోని ఆడవాళ్లందరూ పని వదిలి గనిలోకి దిగే షాఫ్ట్ వైపు చూసేవాళ్లు. ఒకసారి అలాంటి పెద్ద బర్స్ట్ వచ్చి కూలీల ఇళ్ల వరుస ఒకటి, లైను అంటారు, దాని గోడలన్నీ పైనుంచి కిందికి చీలిపోయాయి. అందులో పన్నెండు కుటుంబాలు. వాళ్లను వెంటనే వేరే చోటికి మార్చాలి.

కామసముద్రం దారిలో గనులవాళ్ల జాగా ఒకటి ఖాళీగా ఉంది. పూర్వం ఎవరో ఇనాందారు అమ్మినది. అమ్మకపు పత్రం ఇంగ్లీషులో ఉంది కానీ, హద్దుల దగ్గరికి వచ్చేసరికి ‘పాత సనదులో ఉన్నట్టు’ అని రాసి వదిలేశారు. ఆ సనదు, అంటే నవాబులనాటి ఇనాం పత్రం, ఫార్సీలో ఉంది. మా అధికారి ఉత్తరాది మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన ఆ కాగితం పట్టుకొని మా గదిలోకి వచ్చి, ఇది చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

సర్వేయరు వెంటనే నా వైపు చెయ్యి చూపించాడు. "మా దివాన్ సాబ్ ఉండారు కదా సార్. ఆయన ఊపిరి తీసేది కూడా ఫార్సీలోనే."

అందరూ నా వైపు చూశారు. రాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నేను చెయ్యి చాపి కాగితం అందుకున్నాను.

ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు కూర్చున్నాను. నమ్ముతారో లేదో, ఆ కాగితంలో సగం మాటలు నన్ను చుట్టాల్లా పలకరించాయి. సర్కారు, పరగణా, మౌజే, ఇనాం, జమీను, హుకుం. మన కచేరీల్లో రోజూ తిరిగే మాటలే. హద్దులు చెప్పే భాగాన్ని మేము చెక్కుబందీ అంటాం. అందులో తూర్పున తలాబ్ కనిపించింది, అంటే చెరువు. పడమట రాహ్, మన రహదారిలో ఉన్నదే. దక్షిణాన బాగ్, దాని పక్కనే అంబ. నాకు ఒళ్లు పులకరించింది. మన ఆమ్రమే వాళ్ల దేశం పోయి అంబ అయి, మళ్లీ మన ఊరి కాగితంలోకి వచ్చి కూర్చుంది. మామిడితోట. వెళ్లి చూస్తే చెరువు ఉంది, దారి ఉంది, ముసలి మామిడిచెట్లు నాలుగు ఉన్నాయి.

ఉత్తరం దగ్గర ఆగిపోయాను. ఆ పంక్తిలో ఒక్క చుట్టమూ లేదు. పొడుగ్గా, పేజీ ఈ చివరినుంచి ఆ చివరికి సాగిన పంక్తి. ప్రతి అక్షరమూ పలికాను. ఒక్క మాటా నన్ను పలకరించలేదు.

ఆ రోజుల్లో చెక్కుబందీలు రాసేవాళ్లకు ఒక అలవాటు ఉండేది. మూడు దిక్కులకు చెరువో చేనో చెప్పి, నాలుగో దిక్కుకు చెప్పడానికి ఏమీ లేకపోతే ‘సర్కారు బంజరు’ అని రాసేవాళ్లు. నేను వందల పత్రాల్లో అది చూశాను. ఉత్తరం వైపు వెళ్లి చూస్తే గడ్డి పెరిగిన చదును నేల తప్ప ఏమీ లేదు. నేనూ అలాగే రాశాను. నాలుగో హద్దు, సర్కారు బంజరు. కింద సంతకం పెట్టాను. మా తాత సంతకంలో ఉన్నట్టు చివర ఒక సున్న చుట్టి గీత లాగాను.

సర్వేయరు నా అనువాదాన్ని, సనదును పక్కపక్కన పెట్టుకొని చూశాడు. "ఈ లైను ఇంత పొడుగుండాది, మీరు రెండే మాటలు రాసినారే?"

"ఫార్సీలో మర్యాదలెక్కువ," అన్నాను. "విషయం చిన్నదైనా వాక్యం పెద్దది."

ఆయన ఒప్పుకున్నాడు. గనులు తవ్వినవన్నీ ఆయన పటాల్లో ఉన్నాయి. ఆ జాగా కింద గని సొరంగమేదీ లేదు. దొరల కంపెనీకి ముందు, ఎప్పటివాళ్లో తవ్వినవి ఏ పటంలోనూ లేవు. అవి ఉంటే గింటే పాత కాగితాల్లోనే ఉండాలి. పాత కాగితం చదివినవాణ్ని నేను.

రెండు నెలల్లో పన్నెండు ఇళ్లు లేచాయి. మట్టిగోడలు, రేకు కప్పు. ఉత్తరాన బంజరే కదా అని చివరి ఇల్లు ఆ చదును నేల మీదికి జరిగింది. మా ఆఫీసుకు నీళ్లు మోసే ఆమెకు ఉత్తరం చివరి ఇల్లు వచ్చింది. రాయల్పాడు దగ్గరి పల్లె ఆమెది. భర్త గని లోపల దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. నోరున్న మనిషి, అయినా నా కుండలో నీళ్లు మాత్రం అందరికంటే ముందు నింపేది. పాత లైను నుంచి బయటపడినందుకు ఆమె సంతోషం ఇంతా అంతా కాదు.

"యా మాటకామాట చెప్పల్ల సామీ, మంచి జాగా చూసి ఇచ్చినారు. వానొస్తే బురదే నిలవదు. మా ఇంటి ముందర నీళ్లు అట్ల పడతాయి, ఇట్ల మాయమయితాయి."

నేను ఆ మెప్పును కోటు జేబులో వేసుకున్నాను. నీళ్లు ఎక్కడికి మాయమవుతున్నాయి అని అడగాలని తోచలేదు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున ఆమె కుండ దించుతూ నవ్వింది. "సామీ, మా కొత్తింట్లో తమాషా ఒకటుండాది. రోలు పాతి మిరపకాయలు దంచుతుంటే నేల డోలు మాదిరి పలుకుతుండాది. మా ఆయన పడుకోనుంటే వీపు కింద ధిమ్ ధిమ్ అంటుందంట. ఇంగ పెండ్లికి మేళగాళ్లతో పనిలే."

గదిలో అందరూ నవ్వారు. సర్వేయరు ఆ రోజు లేడు, మామిడితోటల సర్వేకి వెళ్లాడు. నేను గ్లాసులో నీళ్లు తాగబోతూ ఆగాను. ఆ పొడుగు పంక్తి నా కళ్ల ముందు ఒక చివరినుంచి ఇంకో చివరికి సాగింది.

ఆ రోజు నుంచి నాకు పట్టుకున్న భయాన్ని ఎలా చెప్పాలో తెలియదు. లోపలికి దిగే కూలీల భయం నేను చూశాను. వాళ్లు దేవుడికి దండం పెట్టి, జోకులేసుకుంటూ దిగేవాళ్లు. నా భయానికి దండం పెట్టే దేవుడు లేడు, పంచుకునే తోడు లేదు. కుర్చీలో కూర్చుంటే కాళ్ల కింద నేల గట్టిదేనా అని మడమతో కొట్టి చూసేవాణ్ని. ఆమె నీళ్లతో గుమ్మంలోకి వచ్చేదాకా ప్రాణం నిలబడేది కాదు. వచ్చాక ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ని. ఏమిటంటారా, చెప్పేస్తే పోయేది కదా? ఏమని చెప్పాలి? ఎనిమిది ఊళ్ల వారసుడికి, మున్షీ మునిమనవడికి ఫార్సీ రాదనా? నా దగ్గర మిగిలింది అదొక్కటే. అది కూడా లేదని తెలిస్తే నేనెవరు, పాత కోటు వేసుకున్న ఒక గుమాస్తా. ఇంత చిన్న సంగతి మీద పన్నెండు కుటుంబాలను తొమ్మిది రోజులు నిలబెట్టాను. తొమ్మిది రోజులని ఎందుకు గుర్తుందంటే, రోజూ ఉదయం ఆమె వచ్చాక పంచాంగంలో ఒక గీత పెట్టేవాణ్ని.

తొమ్మిదో రోజు వాన పట్టుకుంది. అరవవాళ్ల ఐప్పసి నెల వాన, ఆగేది కాదు. మరుసటి రోజు ఆదివారం. సర్వేయరు బల్ల మీదున్న పలచటి కాగితం ఒకటి తీసుకొని, సనదు మీద పరిచి ఆ ఒక్క పంక్తి గీత గీతగా దించుకొని, పొద్దున మొదటి బస్సుకు కోలారు వెళ్లాను. అక్కడ యునానీ వైద్యం చేసే ఒక ముసలాయన ఉన్నాడని, ఆయనకు ఫార్సీ వచ్చునని విన్నాను.

ఆయన దుకాణంలో గులాబీ, సోంపు కలిసిన వాసన. వందకు పైగా చిన్న సొరుగులు, ప్రతిదాని మీద ఆ లిపిలోనే పేర్లు. నేను కోటు సర్దుకొని, ఇది మా కుటుంబపు కాగితంలోని పంక్తి, చెరిగిపోయి సరిగా తెలియడం లేదు అన్నాను. అప్పటికి కూడా అబద్ధమే.

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కసారి చూశాడు. ఆగకుండా, మందు చీటీ చదివినంత తేలిగ్గా చదివాడు. ఆ తర్వాత నెమ్మదిగా తెలుగులో చెప్పాడు.

"ఉత్తరాన, ముందటివాళ్లు బంగారానికి తవ్విన గుంత. మనుషులు పడి పోయినాక దుంగలు పరిచి మట్టి కప్పి మూసిన నోరు. దీని మీద ఎవరూ ఇల్లు కట్టకూడదు." కాగితం కింద పెట్టి అద్దాల మీదుగా చూశాడు. "మీ కుటుంబం జాగానా సాబ్? అయితే భయం లేదు. మీవాళ్లకు తెలిసే ఉంటుంది. ఎవరూ ఇల్లు కట్టలేదు కదా?"

నేను కాగితం మడవబోయాను.

"సాబ్? కట్టినారా?"

"పన్నెండు," అన్నాను.

ఆయన లేచి నాకు నీళ్లిచ్చాడు. "మిగతా కాగితం ఎవరు చదివినారు?"

"నేనే. సర్కారు, జమీను, ఇనాం, అవన్నీ తెలిసినాయి. ఈ పంక్తిలో ఒక్క మాటా తెలియలేదు."

"ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు. కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "మీ భాషలోకి వచ్చినవి ఏలేవాళ్ల మాటలు. హుకుం వచ్చింది, జప్తు వచ్చింది. తవ్వేవాళ్ల మాటలు ఎందుకు వస్తాయి? తవ్వేవాళ్లకు వాళ్ల మాటలు వాళ్లకుండె. పోండి, ఇంగ ఇక్కడ కూర్చోవద్దు. వాన చూస్తున్నారు కదా."

తిరుగు బస్సు బంగారుపేట దగ్గర వాగు దాటడానికి అరగంట ఆగింది. ఆ అరగంటలో నేను ఎన్ని ఇళ్లు కూలడం చూశానో చెప్పలేను.

మధ్యాహ్నానికి నేరుగా అధికారి బంగళాకు వెళ్లాను. తడిసిన కోటుతో వరండాలో నిలబడి జరిగింది చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"ఆ పంక్తి చదవలేకపోయావా, అసలు చదవడమే రాదా?"

"రాదు సార్."

"ఆర్డరు రాయించి, పైవాళ్ల సంతకం తెప్పించేసరికి రేపు సాయంత్రమవుతుంది. పాత క్లబ్బు హాలు తాళం ఇస్తాను. నువ్వే వెళ్లి వాళ్లను ఖాళీ చేయించు. నీ మాట మీదే కదా వాళ్లు అక్కడికి వెళ్లింది."

ఉద్యోగంలో నాకు దక్కిన శిక్షలన్నిటిలో అదే పెద్దది, అదే న్యాయమైనది.

సర్వేయరును ఇంటినుంచి పిలుచుకొని వెళ్లాను. దారిలో చెప్పాను. ఆయన తన గొడుగు నా మీదికి పట్టాడు.

పన్నెండు ఇళ్లవాళ్లు రేకుల కింద గుమిగూడారు. వాన హోరులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఈ జాగా మంచిది కాదు, కింద పాత గుంత ఉంది, ఇప్పుడే లేవాలి అన్నాను.

ఒక ముసలి గనికూలీ ముందుకొచ్చాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరినవాడు, మధ్యమధ్య దగ్గుతూ మాట్లాడాడు. "ఏమప్పా, మొన్ననే తట్టాబుట్టా మోసుకోని వస్తిమి. కాగితం చదివి మంచి జాగా అంటిరి. ఇప్పుడు అదే కాగితం చదివి పొమ్మంటారా? యా పూట చదివింది నిజము?"

"ఈ జాగా ఎవరికో కావలసొచ్చినట్టుండాది," అని వెనకనుంచి ఎవరో అన్నారు. "దివాన్ గారికి బంగళా కట్టిస్తారేమో." నవ్వులు. ఒక్కరూ కదల్లేదు. వాళ్ల కాళ్ల దగ్గర వాననీళ్లు నిలవకుండా నేలలోకి జారిపోతున్నాయి. నేను ఆ నీళ్లనే చూస్తున్నాను. నాది వాళ్ల కోసం భయమో, నా కోసం భయమో, వేరు చేసి చెప్పలేను.

"ఏ పూటా చదవలేదు," అన్నాను. "నాకు ఫార్సీ రాదు. వచ్చునని అబద్ధం చెప్పి సంతకం పెట్టినాను. వచ్చినాయన ఈ పొద్దు చదివి చెప్పినాడు."

నాకు మా నాయన అరుగు మీదినుంచి లేచి లోపలికి వెళ్లిపోయినట్టు అనిపించింది.

నీళ్లు మోసే ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత అందరి వైపు తిరిగింది. "రాదంటుండాడు కదప్పా. వచ్చునన్నప్పుడు నమ్మితిమి, రాదన్నప్పుడు నమ్మేదానికేమి? అంత పొగరు మనిషి ఇంత వానలో వచ్చి ఊరికే అంటాడా ఆ మాట?" అని ఇంట్లోకి పోయి, రోకలి భుజం మీద పెట్టుకొని బయటికి వచ్చింది. "రోలు పాతేస్తి, అది రాదు. పోనీ."

ఆమె వెనక ఆమె భర్త, వాళ్ల వెనక పక్కింటివాళ్లు. ముసలాయన చివరన దగ్గుకుంటూ కదిలాడు. చీకటి పడకముందే పన్నెండు కుటుంబాలూ క్లబ్బు హాలులో ఉన్నాయి. ఒకప్పుడు దొరలు, దొరసానులు డాన్సు చేసిన చెక్క నేల మీద చాపలు పరుచుకున్నారు.

సోమవారం ఏమీ జరగలేదు. వాన తెరిపిచ్చింది. మంగళవారం పొద్దున ఇళ్లన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఫార్సీ రాదని దివాన్ తానే ఊరంతా చాటుకున్నాడు, గుంతా లేదు పాడూ లేదు. అవమానంలో ఉన్న మనిషి ఎంత నీచానికి దిగుతాడో చూడండి, ఆ నేల కుంగితే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయమేస్తుంది.

ఆ రోజు అధికారి ఆర్డరు వచ్చింది. సర్వేయరు ఇద్దరు కూలీలతో, పొడుగాటి ఇనుప గడ్డపారతో ఆ చివరి ఇంటికి వెళ్లాడు. నడుముకు తాళ్లు కట్టుకొని, రెండో కొసలు బయట చింతమొద్దుకు బిగించారు. నన్ను రావద్దన్నాడు. నేనూ ఒక తాడు కట్టుకొని లోపలికి వెళ్లాను.

రోలు పక్కన గడ్డపార నిలబెట్టి సమ్మెటతో కొట్టారు. నిలువు మనిషి లోతుదాకా ఒట్టి మట్టి. తర్వాత చప్పుడు మారింది. గడ్డపార పైకి లాగితే దాని కొసకు నల్లటి చెక్క పేడు అంటుకొని వచ్చింది. తడిసి, మెత్తబడి, పాత కుండ కంపు కొడుతోంది. సర్వేయరు దాన్ని వేళ్లతో నలిపితే పిండిలా రాలింది. మళ్లీ దించి ఒక్క దెబ్బ కొట్టారు.

గడ్డపార కూలీ చేతుల్లోంచి జారి పోయింది. పడిపోలేదు, నేలలోకి పోయింది. ఎవరో లోపలినుంచి లాక్కున్నట్టు నిలువుగా మాయమైంది. మేమందరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఎక్కడో చాలా కిందినుంచి నీటి చప్పుడు వచ్చింది. చిన్నగా, చెంబు మునిగినట్టు.

సర్వేయరు గొంతు మొదటిసారి తగ్గడం విన్నాను. "దివాన్ సాబ్, వెనక్కి రాండి. మెల్లగా. కాళ్లు ఎత్తొద్దు, జరుపుకుంటా రాండి."

గడప దాకా ఏడడుగులు. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పొడుగైన ప్రయాణం అదే. శుక్రవారానికి ఆ గదిలో నేల లేదు. గోడలు నిలబడి ఉన్నాయి, పైన రేకు ఉంది, గోడకు తగిలించిన దేవుడి పటం కూడా ఉంది. మధ్యలో రోలు లేదు, నేల లేదు.

నాకు మెమో వచ్చింది. రాని విద్య వచ్చునని ధ్రువీకరణ ఇచ్చినందుకు. అందులో ప్రతి అక్షరమూ నిజమే, నేను మారు చెప్పలేదు. ల్యాంపు రూముకు మార్చారు. కొన్నేళ్లు లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చాను. ఆదివారాలు మాత్రం కోలారు వెళ్లి, ఆ ముసలాయన దుకాణంలో సొరుగుల మీది పేర్లు చదువుతూ మొదటినుంచి నేర్చుకున్నాను. నలభై దాటాక అక్షరం తప్పు చదివి తిట్టించుకోవడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. ఇప్పుడు నిదానంగా చదువుతాను. తెలియని పంక్తి వస్తే ఆ చోటు ఖాళీ వదిలి, పక్కన ‘చదవలేకపోయాను’ అని రాస్తాను. మీరు నా దగ్గర నేర్చుకోవలసిన విద్య దాదాపు అంతే.

ఆ కుటుంబాలకు కొత్త ఇళ్లు మరుసటి వేసవిలో వచ్చాయి, ఇంకో చోట. ఇళ్లలో చేరేముందు నీళ్లు మోసే ఆమె ల్యాంపు రూముకు వచ్చింది. "సామీ, ఒక గడియ మా ఇంటికి రావల్ల."

"పటాలన్నీ చూసినారమ్మా, సర్వేయరు గడ్డపార దించి చూసినాడు. నన్నెందుకు?"

"ఆయన చూసినాడు సరే. రోలు పాతేదానికి ముందు నువ్వు వినల్ల. నువ్వు విని చెప్తేనే నేను పాతేది. లేదంటే లేదను. తెలీదంటే తెలీదను. నువ్వా మాట అంటావని నాకు నమ్మకముండాది."

వెళ్లాను. అలికిన నేల ఇంకా పచ్చిగా ఉంది. వాకిట్లో సర్వేయరు, ఆ దగ్గు ముసలాయన, ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. నేను కోటు విప్పి ఆమె భర్త చేతికిచ్చాను. మోకాళ్ల మీద వంగి, ఇంకా వంగి, చెవి నేలకు ఆనించి పడుకున్నాను. ఆమె రోకలి ఎత్తి గది నాలుగు మూలలా, తర్వాత నడిమధ్య, ఒక్కొక్క దెబ్బే వేసింది. ప్రతి దెబ్బకూ ఆగి నా ముఖం చూసింది.

నేల కింద గట్టి నేలే ఉంది. అయినా వెంటనే లేవలేదు. "ఇంకొకసారి కొట్టమ్మా," అన్నాను. "ఉత్తరం వైపు."